మిగిలిన యొక్కటి



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకుఁ దెలుఁగును లెక్కలును జెప్పి విశ్రాంతి గొన్న నాబోఁటివాఁడు జూదమునుగూర్చి ప్రసంగించుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. నాకును వింతగనే యున్నది. నేను పాచిక చేతఁబట్టి యెఱుఁగను. పేకలో నే ముక్క యెంత విలువదో నాకిప్పటికిని దెలియదు. ఐనను ఫ్రెంచివారి చక్రజూద మొకటి యొకానొక వేసవిలో మా యింటి యరుఁగునకు వచ్చి మూఁడు దినములు కూర్చున్నది. దానిని లేపి పంపుటకై నేను నేర్చిన చరిత్రమును, వేసిన లెక్కను నేఁడు మీకు విన్నవించెదను.

మా చెల్లెలి కుమారుఁడు ప్రయాణికుల యోడలో వంటయింటి కొలువు చేయుచుండెను. మా చెల్లెలి రెండెకరముల మాగాణి తాకట్టులో నుండెను. దానిని విడిపించుటకని వాఁడు రెండేండ్లు కూడఁబెట్టిన జీతములో మూఁడు పాళ్లు మొనాకో యను నూర నాలుగు రాత్రులలోఁ బోఁగొట్టుకొని వచ్చెను. వచ్చినవాఁడు తల వంచుకొని రాలేదు. చేతిలో నొక యట్టముక్కతో వచ్చెను. దానిపై నొక చక్రము, చక్రముచుట్టును అంకెలు, ఆ యంకెలను మూఁడు గుంపులుగా విడఁదీసిన గీఁతలు నుండెను.

"మామయ్యా, తెలివిగలవారచ్చట విడివిడి యంకెలపై సొమ్ము కాయరు. చక్రములోఁ బ్రక్కప్రక్కనున్న యంకెలను గుంపుగాఁ బట్టుదురు. ఆ కిటుకు నాకుఁ గడపటి రాత్రిగాని తెలియలేదు. మీ పింఛనులో దాఁచినది కొంత సర్దితిరా, పోయినదంతయుఁ దెచ్చి పొలము విడిపింతును. మీరు లెక్క తెలిసినవారు, తప్పున్నఁ జెప్పుఁడు" అనెను.

జూదము పాపమని చెప్పి పంపవచ్చును. ఆ మాట వాని తల్లి యదివఱకే చెప్పినది; వాఁడు వినలేదు. లెక్కను నమ్మినవానిని లెక్కతోనే మరల్పవలయునుగాని మందలింపుతోఁ గాదని బడిలో నేర్చుకొన్నవాఁడను. కాఁబట్టి యా యట్ట నందుకొంటిని.

ముందా చక్రముయొక్క పుట్టుపూర్వములు వినుఁడు. దానిని ఫ్రెంచి భాషలో 'రూలెత్' అందురు. చిన్న చక్రమని యర్థము. పాస్కల్ అను గణితవేత్త దానిని గనిపెట్టెనని లోకమున నొక వాడుక కలదు. పాస్కల్ 1654లో ఫెర్మా యను మఱియొక గణితజ్ఞునితో నుత్తరములు జరపి, నడుమ నిలిచిపోయిన యాటలోఁ బందెపు సొమ్ము నాటగాండ్రకు నే పాళ్లఁ బంచవలయునో తేల్చిన మాట నిజము. జయాపజయముల పాళ్లను గొలుచు గణితమున కదియే పునాది. 1658లో నతఁడు రూలెత్ అను దానిపై నొక చిన్న గ్రంథమును బ్రకటించిన మాటయు నిజమే. కాని యా రూలెత్ జూదము కాదు. బండిచక్రపు టంచున నొక మేకు గ్రుచ్చి బండిని నడపినచో నా మేకు గాలిలో గీయు వంపుగీఁతకు నాఁటివారు పెట్టిన పేరది. పేరొక్కటియే యగుటచేత లోకము జూదపు పితృత్వమును గూడ నాయనకే యంటఁగట్టినట్లు తోఁచుచున్నది.

18వ శతాబ్దము ముగియునాఁటికి పారిసు నగరమునఁ బాలే రొయాల్ అను భవనపు జూదశాలలలో నీ చక్రము తిరుగుచుండెను. దానిలో 1 మొదలు 36 వఱకుఁగల యంకెలతోపాటు సున్న యొకటి, జంటసున్న యొకటి యుండెను. మొత్తము గదులు 38. ఫ్రెంచి ప్రభుత్వము 1837 డిసెంబరు 31తో నీ జూదశాలలను మూయించెను. మూయించినంత మాత్రమున జూదరులు మాఱరు గదా! వారు సరిహద్దు దాఁటి జర్మను దేశపు స్నానతీర్థముల కేఁగిరి. అట్టి హోంబుర్గ్ అను నూర బ్లాఁ యను నింటిపేరుగల ఫ్రెంచి కవలలు, ఫ్రాఁస్వా, లూయీ యనువారు, 1840 తరువాతి యేండ్లలో నొక జూదశాల నెలకొల్పిరి. తక్కినచోట్లఁ జక్రమునకు రెండు సున్నలుండఁగా, వీరు జంటసున్నను దీసివైచి యొక్క సున్ననే యుంచిరి.

దీని నౌదార్యమని భ్రమింపకుఁడు. మన యూళ్లలో నూటికి రెండు వడ్డీ పుచ్చుకొను షాహుకా రొకఁడుండఁగా రెండవవాఁడు వచ్చి యొకటికే యిత్తుననినచో, ఊరంతయు నెవని గుమ్మమున నిలుచును? బ్లాఁ సోదరులకుఁ దెలిసిన రహస్య మదియే. లాగు పాలు తగ్గించిన లాగఁబడువారు హెచ్చుదురు. రష్యా రచయిత దోస్తయెవ్‌స్కీ యిట్టి జర్మను స్నానతీర్థములలోనే తన సొమ్ము పోఁగొట్టుకొని, 1866లో 'జూదరి' యను నవల వ్రాసెను.

మొనాకో సముద్రపుటొడ్డున నొక చిన్న సంస్థానము. దాని గ్రామములగు మాంతోఁ, రొక్‌బ్రూన్ అనునవి 1848లోఁ దిరుగఁబడి, 1861లో ఫ్రాన్సునకుఁ జేరెను. భూమి పోయెను, పన్నుల రాఁబడియుఁ బోయెను. అప్పుడు మూఁడవ షార్ల్ అను రాజు జూదశాలను ఖజానాగాఁ జేసికొనఁదలఁచి, 1863లో ఫ్రాఁస్వా బ్లాఁకు హక్కు నిచ్చెను. అతని సోదరుఁడు లూయీ యంతకు ముందే చనిపోయియుండెను. 1866లో నా జూదశాల నిలిచిన కొండకు రాజు పేరిట మోంటె కార్లో యను నామము పెట్టఁబడెను. 1868లో రైలుమార్గము వచ్చెను. 1869లో రాజు తన ప్రజల పన్నులను దీసివైచెను. 1872 చివర జర్మనీలోని జూదశాలలు మూఁతపడఁగా వచ్చువారు మఱింత హెచ్చిరి. గుఱుతింపఁదగిన ముచ్చట మఱియొకటి కలదు. మొనాకో పౌరులు తమ దేశపు జూదశాలలో నాడరాదని నియమము. వంటవాఁడు తన పిల్లలకుఁ బెట్టని వంటకము నతిథికి వడ్డించుచున్నాఁడనిన, అతిథి యొక్క క్షణ మాలోచింపవలదా?

ఇఁక చక్రమును జూతము. ఒక సున్నగల ఫ్రెంచి చక్రములో గదులు 37. సున్న పచ్చనిది, తక్కినవి యెఱుపు, నలుపు, ఒకటి విడిచి యొకటి. క్రూపియే యను నౌకరు చక్రము నొకవైపునకుఁ ద్రిప్పి, చిన్న తెల్లని గుండును రెండవవైపునకు విసరును. గుండు నిలిచిన గది గెలుపుగది. ప్రక్కనున్న పొడవాటి బల్లపై బనాతు పఱచి దానిమీఁద నవియే యంకెలను గళ్లలో వ్రాసియుందురు. మొదట సున్న, పిదప 1, 2, 3 ఒక వరుస, 4, 5, 6 ఒక వరుస, ఇట్లు పండ్రెండు వరుసలు. సొమ్మునకు బదులు బిళ్లల నా గళ్లలోఁగాని, గళ్ల నడిమి గీఁతలపైఁగాని యుంతురు.

ఇందు గమనింపవలసినది, బనాతుమీఁది క్రమము వేఱు, చక్రములోని క్రమము వేఱు. బడిలో హాజరుపట్టీ యకారాదిగా నుండును. పిల్లలు బల్లలపైఁ గూర్చుండు వరుస వేఱుగా నుండును. పట్టీలో మొదటివాఁడగు అప్పన్నయుఁ జివరివాఁడగు వెంకన్నయు నొకే బల్లపై నుండవచ్చును. అట్లే చక్రములో సున్నకు నొకప్రక్క 32, రెండవప్రక్క 26 కూర్చున్నవి. బనాతుపై నవి దూరదూరముగా నున్నవి. చక్రములోఁ బ్రక్కప్రక్కనున్నవారి నందఱ నొక్కమాఱు పట్టవలెననిన, బనాతుపై నలుదెసల బిళ్లలు చల్లవలయును. ఆ శ్రమ తీర్చుటకే గుంపు పందెములు పుట్టినవి. ఆటగాఁడు గుంపు పేరు పలికిన చాలును. క్రూపియే బిళ్లలను దగినచోట్లఁ బేర్చును.

గుంపులు మూఁడు. మొదటిది 'వ్వాజాఁ దు జేరో', అనఁగా సున్నకుఁ బొరుగువారు. సున్న, దాని యొకవైపున 32, 15, 19, 4, 21, 2, 25. రెండవవైపున 26, 3, 35, 12, 28, 7, 29, 18, 22. మొత్తము పదునేడు. వీనికిఁ దొమ్మిది బిళ్లలు కావలయును. సున్న, 2, 3 కలియుచోట రెండు. 25, 26, 28, 29 అను నాలుగు గళ్లు కలియు మూల రెండు. తక్కిన పదింటికి జంటకొకటి చొప్పున నైదు.

రెండవది 'త్యేర్ దు సిలాఁద్ర్', అనఁగాఁ జక్రములో మూఁడవపాలు. ఇది సున్న కెదురుగా, 27 మొదలు 33 వఱకుఁగల పండ్రెండు గదులు. 27, 13, 36, 11, 30, 8, 23, 10, 5, 24, 16, 33. వీనికి జంటకొకటిగా నాఱు బిళ్లలు చాలును.

ఈ రెండు గుంపులకును జెందక నడుమ మిగిలినవి యెనిమిది. ఒకవైపున 17, 34, 6. రెండవవైపున 1, 20, 14, 31, 9. వీనికి 'ఓర్ఫెలాఁ', అనఁగా ననాథలని పేరు. వీనికి నైదు బిళ్లలు. 1పై నొంటిగా నొకటి. 6-9, 14-17, 17-20, 31-34 అను జంటలపై నొక్కొక్కటి. 17 రెండు జంటలలో నుండుటచే దానికి రెండు విధముల లాభము.

పొరుగువారు, మూఁడవపాలు, అనాథలు! పేర్లు విన్నంతనే చుట్టఱికము కలసినట్లుండును. దాఁపనేల, మొదటి రాత్రి నేనును మోహపడితిని. పదునేడు గదుల నొక్కమాటతోఁ బట్టవచ్చుననిన, చక్రములో సగమునకు సగము చేఁజిక్కినట్లే గదా యనిపించెను. రెండవ రాత్రి పలకఁ దీసితిని. మీలో బలప మందుబాటులో నున్నవారు నాతోపాటు వేయుఁడు.

చెల్లింపు నియమ మిది. ఒంటి యంకెపై నొక బిళ్ల యుంచి గెలిచినచో, ఉంచినదానితోఁ గూడ 36 బిళ్లలు చేతికి వచ్చును. రెండంకెల గీఁతపై నుంచిన 18, మూఁడింటికి 12, నాలుగింటికి 9. అన్నియు 36ను రెంట, మూఁట, నాలుగింట భాగింపఁగా వచ్చినవే. చెల్లింపు ముప్పదియాఱింటి లెక్క. గదులు మాత్రము ముప్పదియేడు. ఈ భేదమును మనసున నుంచుకొనుఁడు.

దైవము పక్షపాతము లేక 37 త్రిప్పులలో నొక్కొక్క గది కొక్కొక్కమాఱు గుండును బంపెననుకొందము. మూఁడవపాలు గుంపుపైఁ బ్రతిమాఱు నాఱు బిళ్లలు కాచినచో మొత్తము 222 బిళ్లలు పెట్టుదుము. పండ్రెండుమాఱులు గెలిచి, గెలిచినప్పుడెల్ల 18 చొప్పున 216 పొందుదుము. పోయినవి 6. ఆఱింటితో 222ను భాగింపుఁడు, ముప్పదియేడింట నొకటి.

సున్న పొరుగువారి కగునది తొమ్మిది బిళ్లలు. 37 త్రిప్పులకు 333. వచ్చునవి: సున్న, 2, 3లకు 24 చొప్పున 72; నాలుగు గళ్ల మూలకు 18 చొప్పున 72; జంటలలోని పదింటికి 18 చొప్పున 180. మొత్తము 324. పోయినవి 9. మరల ముప్పదియేడింట నొకటియే.

మూఁడవ దినము ప్రొద్దున మేనల్లునిఁ బిలిచి యీ రెండు లెక్కలును జూపితిని. వాఁడు కొంత తడవు చూచి, "మామయ్యా, మూఁడు గుంపులను గలిపి కాచినచో నే గదియు విడువఁబడదు గదా! గుండెచ్చటఁ బడినను మనదే" అనెను. మంచి ప్రశ్న. అదియును వేసితిమి. తొమ్మిది, ఆఱు, ఐదు కలిసి యిరువది బిళ్లలు. గుండు సున్న, 2, 3లలోఁ బడిన 24 వచ్చును; నాలుగు లాభము. 1లోఁగాని 17లోఁగాని పడిన 36 వచ్చును, పదునాఱు లాభము. తక్కిన ముప్పదిరెండు గదులలో నెచ్చటఁ బడినను 18 మాత్రమే వచ్చును. ప్రతిమాఱు "గెలిచితిని" అని కేకవేయుచు రెండేసి బిళ్లలు పోఁగొట్టుకొందుము! 37 త్రిప్పులకు 740 పెట్టి 720 పుచ్చుకొందుము. పోయినవి యిరువది. అదియును ముప్పదియేడింట నొకటియే.

ఇంకొక వింత వినుఁడు. ఎఱుపో నలుపో యని కాయు సామాన్యపు పందెమున కీ గుంపులవంటి గొప్ప పేరు లేదు. కాని ఫ్రెంచి నియమము ననుసరించి, సున్న పడినపుడు దానిపైఁ గాచినవానికి సగము సొమ్ము తిరిగి వచ్చును; లేదా యా పందెము చెఱలో నుంచఁబడి మఱుసటి త్రిప్పున విడుదల కెదురు చూచును. సగము తిరిగి వచ్చుచోట పోవునది డెబ్బదినాలుగింట నొకటి. అనఁగా గుంపు పందెములకుఁ బోవుదానిలో సగము. తెలివిగలవారి యాటయని మావాఁడు మెచ్చినది, తెలియనివాని యాటకంటె రెండింతల వెలగలది.

నిజమునకు గుండు లెక్కప్రకారము వరుసగాఁ బడదు. ఒకనాఁడు మూఁడవపాలు గుంపు వరుసగా నాలుగుమాఱులు గెలువవచ్చును. మావానికిఁ గడపటి రాత్రి జరిగిన దదియే. గెలిచినపుడెల్ల పండ్రెండు బిళ్లలు మిగులును. ఆ రాత్రి వాఁడు మఱవలేదు. అంతకు ముందరి మూఁడు రాత్రులను మఱచినాఁడు. జూదశాలవాఁ డొక్క రాత్రినిగూడ మఱవఁడు. వాని కొక్క రాత్రితోఁ బనిలేదు. ఏఁడాది సరాసరితోనే పని.

మన పూర్వుల మాట యిచ్చటఁ దలఁపునకు వచ్చుచున్నది. భారతమున నలుఁడు రాజ్యమును గోలుపోయి, బాహుకుఁడను పేర ఋతుపర్ణునికి సారథియయ్యెను. ఋతుపర్ణుఁడు రథముపైనుండియే యొక తాండ్రచెట్టు నాకులను, కాయలను లెక్క చెప్పెను. బాహుకుఁడు నమ్మక రథమాపి, చెట్టు పడఁగొట్టి యెంచి చూచెను, లెక్క సరిపోయెను. ఆ రాజువలన నక్షహృదయమను విద్యను గ్రహించినంతనే కలి యతనిని విడిచెను. జూదమునకు హృదయము సంఖ్య యని మనవారెఱిఁగిరన్నమాట. పూర్వము పాచికలుగా వాడినవి యా తాండ్రకాయలే. పట్టిన కాయలను నాలుగేసిగా విడఁదీయఁగా శేషము లేకున్నఁ గృతమనియు, మూఁడు మిగిలినఁ ద్రేతయనియు, రెండు మిగిలిన ద్వాపరమనియు, ఒక్కటి మిగిలినఁ గలియనియు వ్యవహారముండెనని పండితులు చెప్పుదురు. ముప్పదియేడింటిని నాలుగేసిగా విడఁదీసి చూడుఁడు. తొమ్మిది గుంపులు పోఁగా మిగులునది యొక్కటి! ఇది కాకతాళీయమే, మొనాకోవారు మన భారతము చదివి చక్రమును జేయలేదు. ఐనను నా మేనల్లుని కీ కథ చెప్పినప్పుడు వాని ముఖమున మొదటిసారిగా నవ్వు వచ్చెను.

"ఐతే ఆ చక్రముపై గెలిచినవాఁడే లేఁడా?" యని వాఁడడిగెను. కలఁడు. 19వ శతాబ్దపు చివరి పాదమున జాగర్ అను నొక యింగ్లీషువాఁడు, నేఁతమిల్లుల యంత్రములతోఁ బరిచయముగలవాఁడు, మోంటె కార్లోకుఁ బోయి, గుమాస్తాలను బెట్టి గెలిచిన యంకెలను దినములకొలఁది వ్రాయించెను. ఒక చక్రము సరిగా నిలువలేదనియు, కొన్ని యంకెలు మిక్కిలిగాఁ బడుచున్నవనియుఁ గనిపెట్టి వానిపైఁ గాచి విశేషధనము గడించెను. జూదశాలవా రది గ్రహించి చక్రములలో మార్పు చేయఁగా, అతఁడు గెలిచినదానితో నింటికిఁ బోయెను. అతఁడు గెలిచినది గుంపు పేరుచేతఁ గాదు, యంత్రపు దోషముచేత. దోషములేని చక్రమున కే గుంపైనను నొక్కటే. ముప్పదియేడు గదుల యింటిని మూఁడు వాటాలు చేసినను ముప్పదిచేసినను గదులు పెరుగవు, తఱుగవు.

సంఖ్యలను బంచుట వేఱు, లాభమును బెంచుట వేఱు. శ్రోతలారా, నేను జెప్పవలసినదంతయు నింతియే. పందెమునకు గుంపులనియో వరుసలనియో, పొరుగనియో యనాథలనియో యే పేరు పెట్టినను, ముందడుగవలసిన ప్రశ్న లొక్క రెండే. చెల్లింపు నెన్నింటి లెక్కనఁ గట్టుచున్నారు? నిజముగా గదు లెన్ని? ఈ రెండింటికి నడుమ మిగిలినది యెవరి పెట్టెలోనికిఁ బోవుచున్నది? లాటరీవాఁడైనను సరే, సంతలో బొమ్మలపటము పఱచి డబ్బాలో పాచికలాడించువాఁడైనను సరే, ఈ ప్రశ్నలకు వెఱచును.

నే నా లెక్క ముగించిన పిమ్మట మేనల్లుఁడు పలుక నందుకొని, అనాథల గుంపును తానే వేయఁజొచ్చెను. నేను నోరు మెదపలేదు. ఐదు ముప్పదియేడులు 185. 1కి 36, 17కు 36, తక్కిన యాఱింటికి 18 చొప్పున 108. మొత్తము 180. "ఐదు పోయినవి, మామయ్యా" అని పలక క్రిందఁ బెట్టెను. అట్టముక్క నడుగలేదు. అది నేఁటికిని నా పంచాంగములో గుఱుతుగా నున్నది.

నా పింఛను సొమ్ము వాని కీయకపోలేదు. కాని మోంటె కార్లోకుఁ గాదు. తాకట్టు వడ్డీ పెరుగకుండ షాహుకారునకే నా చేతులతోఁ గట్టితిని. వాఁడు మరల నోడ యెక్కి, నాలుగేండ్ల జీతముతో నొక యెకరము విడిపించెను. రెండవ యెకరము చేయి దాఁటిపోయినది. మా చెల్లెలు దాని గట్టుమీఁదుగా నడచునపుడు తల త్రిప్పుకొని పోవును. నాలుగు రాత్రుల ఖరీదది. బ్రతుకులోఁ గొన్ని లెక్కలు పలకమీఁదఁ దుడిచినఁ జెరుగవు.

మీ యిండ్లలోఁ గుఱ్ఱవాం డ్రిట్టి పటములతో వచ్చినయెడలఁ దిట్టి పంపకుఁడు. అరుఁగుమీఁదఁ గూర్చుండఁబెట్టి పలక చేతికిండు. మిగిలిన యొక్కటి యెచ్చటికిఁ బోయెనో వారిచేతనే వెదకింపుఁడు.

సెలవు.